వన్స్ మోర్ అన్న పెద్దాయన

వికారాబాద్‌లో తాండూరు బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన చొక్కా జేబులో, ఆదివారం హైదరాబాద్‌లో ఆడిన కొత్త సంగీత నాటకం కరపత్రం కనిపించింది. ఎలా ఉందని అడిగాను.

“తెరలు, లైట్లు మస్తుగున్నయి సారూ. పాటలే ముందుగాల రికార్డు చేసి పెట్టిన్రు. ఆడేటోళ్లు పెదాలు కదుపుడే. అది నాకు అప్పుడు తెల్వదు. ఒక పాట నచ్చి, మా ఊరి నాటకాల లెక్క ‘వన్స్ మోర్’ అని మొత్తుకున్న. మా దిక్కు గట్లంటే మల్ల పాడాలె, అది మర్యాద.”

ఆయన కాసేపు కిటికీలోంచి అనంతగిరి అడవిని చూశాడు.

“ఆ పాటకు పెదాలు కదిపిన బిడ్డ నా దిక్కు చూసి దండం పెట్టి, అదే పాట సొంత గొంతుతోని మల్ల అందుకున్నది. రికార్డు ఆగలె, తర్వాతి పాట మొదలైంది. హాలంత నవ్విన్రు. మొత్తుకున్నది నేను. నవ్వులేమో ఆ బిడ్డ మీద పడ్డయి.”

“ఆమె గొంతు ఎలా ఉంది?” అన్నాను.

“ఆ నవ్వులల్ల ఏడ ఇనొచ్చింది సారూ?”

కరపత్రం తీసి, అందులో ఆమె బొమ్మను అరచేత్తో ఒకసారి తుడిచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం ఆ హాల్లో, వెనక వరుసలో నేనూ ఉన్నాను. అందరికంటే ముందు నవ్వింది నేనే. అది దాచిపెట్టే, నాటకం ఎలా ఉందని ఆయన్ని అడిగాను.