ఏట్లో పండుకున్నానంటే నమ్మరే!

ఆ రోజుల్లో మాకు నది అంటే ఇసుక. ఇందులో కవిత్వం లేదు, వేళాకోళం అంతకన్నా లేదు. మా ఊరి పక్కనే చిత్రావతి ఉండేది. నాకు పన్నెండేళ్ళు నిండినా అందులో నీళ్ళు పారగా చూసిన పాపాన పోలేదు. అయినా ఎండాకాలం వచ్చిందంటే మా సుఖమంతా ఆ ఏట్లోనే. పగలంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీర నేసిన మా నాయన, పొద్దు వాలగానే నడుము పట్టుకుని లేచి, "పాపా, ఏటికి పోదాం పా" అనేవాడు. అవ్వ చంకలో కడవ, నా చేతిలో కొబ్బరి చిప్ప. ఇసుకలో మోచేతి లోతు తవ్వితే చెలమలో నీళ్ళు ఊరేవి. మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబోస్తే, తర్వాత వచ్చే నీళ్ళు అద్దంలా ఉండేవి. చిప్పతో ముంచుకుని తాగితే కడుపంతా చల్లబడేది. అవ్వ కొంగులోంచి ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు తీసేది. చల్లబడిన ఇసుక మీద నాయన వెల్లకిలా పడుకుని "అబ్బా, నా తల్లీ!" అనేవాడు. (ఆ తల్లి నేనో, చిత్రావతో, ఈనాటికీ తెలియదు.)

ఇంత సుఖాన్ని ఒక్క మాటతో మట్టిలో కలిపిన మహానుభావుడు మా తెలుగు అయ్యవారు. గోదావరి పక్క నుంచి మా ఊరికి బదిలీ మీద వచ్చాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని గోదారి అయ్యవారు అనేవాళ్ళు. పాఠం బాగా చెప్పేవాడు, కాదనను. కానీ ఏ పద్యం మొదలుపెట్టినా చివరికి వాళ్ళ ఊరి కాలువలోనే తేలేవాడు. ఒంటిపూట బళ్ళు పెట్టిన కొత్తలో ఒకనాడు నల్లబల్ల మీద 'వేసవిలో నేను పొందు ఆనందములు' అని రాసి, "పుస్తకాలు చూసి రాయకండి. మీ రోజువారీ బతుకులోనే బోలెడు స్ఫూర్తి ఉంటుంది. ఉన్నదున్నట్టు రాయండి" అన్నాడు. ఉన్నదున్నట్టు! ఈ మాట ఆయన నోటి నుంచే వచ్చింది, మీరు గుర్తుంచుకోవాలి.

నేను ఉన్నదున్నట్టే రాశాను. 'మేము ప్రతి సాయంకాలము నదిలో పండుకొనెదము. పగటివేళ నదిలో నడచిన కాళ్ళు బొబ్బలెక్కును. పొద్దు గూకిన పిమ్మట నది చల్లబడును. అప్పుడు నదిని తవ్వి నీరు త్రాగెదము.' ఇప్పుడు చదివినా ఒక్క అక్షరం తప్పు పట్టలేరు. మరునాడు అయ్యవారు నన్ను నిలబెట్టి, "ఏవమ్మాయ్, నదిలో పడుకున్నావా? మునిగిపోలేదూ?" అన్నాడు. తరగతి గొల్లుమంది. రోజూ నా పక్కనే చెలమ తవ్వే పిల్లలు కూడా నవ్వారు, వాళ్ళ నోళ్ళు పడ! పుస్తకం తెరిచి చూస్తే పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో 'అబద్ధము' అని ఉంది. పదికి సున్నా. పోనీ అంతటితో ఆగిందా? అంగడాయన కొడుక్కి పదికి తొమ్మిది! వాడేం రాశాడో తెలుసా? ప్రతి వేసవిలోనూ వాళ్ళ నాయనతో చిత్రావతిలో పడవ ఎక్కి షికారు పోతాడట! పడవను పటంలో తప్ప చూడని వెధవ. (ఆ తర్వాత వాడి పేరే పడవ అయిపోయింది, అదొక్కటే నాకు దక్కిన న్యాయం.)

ఏడుస్తూ ఇల్లు చేరాను. సున్నా గురించి కాదు నా ఏడుపు, లెక్కల్లో నాకు అది అలవాటే. అబద్ధాలకోరని అనిపించుకున్నానే, అదీ నా బాధ. వ్యాసం చదివి వినిపిస్తే అవ్వ మండిపడింది. "యాడోడే ఆ అయ్యవారు? ఏట్లో పండుకోక ఇంగ యాడ పండుకుంటారంట?" నాయన మాత్రం మగ్గం ఆపకుండానే, "అయ్యవారితో కొట్లాడొద్దు పాపా. ఆయప్ప చూసినోడు కాదు, ఏం జేస్తాడు? పిల్చుకపోయి చూపీ" అన్నాడు. మరునాడే పోయి అడిగాను. "అయ్యవారూ, ఆదివారం మా ఏటికి రాండి. నేను రాసింది నిజమైతే ఆ మాట కొట్టెయ్యల్ల." ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "అంత రోషమా! సరే, నిజమైతే నా చేత్తోనే కొట్టేస్తాను" అన్నాడు. ఆదివారం దాకా నాకు అన్నం సయించలేదు.

ఆదివారం సాయంత్రం అయ్యవారు గొడుగు వేసుకుని వచ్చాడు. జేబులో ఎర్ర సిరా కలం ఉందో లేదో ముందే చూసుకున్నాను. ఆకాశంలో మందుకు కూడా మబ్బు లేదు. ఇసుకలోకి దిగగానే ఆయన చెప్పుల్లో నిప్పులు పోసినట్టయి గంతులు వేశాడు. "బొబ్బలెక్కును అని రాయలేదా అయ్యవారూ?" అన్నాను. "రాశావు తల్లీ, రాశావు" అన్నాడు. చెలమ తవ్వాను. బురదనీళ్ళు తోడేశాను. తేట నీళ్ళు చిప్పతో ఇచ్చాను. తాగి, ఇంకో చిప్ప అడిగి, దాన్నీ తాగి, "అమ్మాయ్, మా గోదారి నీళ్ళు ఇంత తియ్యగా ఉండవే!" అన్నాడు. చూశారా! పొద్దు వాలి ఇసుక చల్లబడేసరికి కండువా పరిచి పడుకునేంత పని చేశాడు. పుస్తకం అందించాను. కలం మూత తీశాడు. పాళీ కాగితానికి అంగుళం దూరంలో ఉంది, దేవుడి మీద ఒట్టు, ఇంకొక్క అంగుళం!

అప్పుడే పై నుంచి కేకలు వినిపించాయి. "ఏరొచ్చె! ఏరొచ్చె!" పైన మైసూరు సీమలో ఎక్కడో రాత్రి వాన దంచిందట. ఆ సంగతి నాకేం తెలుసు? ఎండుపుల్లలు, నురగ, ఎవరిదో తెగిన చెప్పు ముందు పెట్టుకుని నీళ్ళు పాక్కుంటూ వచ్చాయి. ఇద్దరం గట్టెక్కేసరికి నా చెలమ మునిగిపోయింది. పన్నెండేళ్ళు రాని ఏరు, మా అయ్యవారు కలం మూత తీసినప్పుడే రావాలా? దానికి వేరే పూట దొరకలేదా? అయ్యవారు ఏటిని చూశాడు, నన్ను చూశాడు, పుస్తకం నాకిచ్చేసి కలానికి మూత పెట్టాడు. "ఏవమ్మా, నది అంటే నీళ్ళు కాదటే?" అన్నాడు. నా కొబ్బరి చిప్ప నీళ్ళ మీద తేలుతూ పోతుంటే, అంగడాయన కొడుకు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో గానీ, "చూడు చూడు, చిత్రావతిలో పడవ!" అని ఎగిరాడు.

ఈలోగా ఊరు ఊరంతా వచ్చిపడింది. అవ్వ పసుపు కుంకుమలు, టెంకాయ తెచ్చింది. నాయన నూలు అంటిన చేతులతో అట్లాగే పరుగెత్తుకొచ్చి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, దోసిలితో తల మీద పోసుకుంటూ చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు. ఆయన అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నేను మాత్రం గట్టు మీద పుస్తకం పట్టుకుని భోరుమంటున్నాను. అవ్వ నా రెక్క పట్టి గుంజింది. "ఏమే పిచ్చిదానా! నువ్వు ఓడిపోతే పాయె, ఏరు పారె గదే!" పుస్తకం అయ్యవారి చేతికిచ్చి, లంగా ఎగగట్టి దూకేశాను.

మరునాడు మధ్యాహ్నానికి మళ్ళీ ఇసుకే. పరుగున పోయి పిలిస్తే అయ్యవారు తుమ్ముతూ, "ఒకసారి చూశానుగా, చాలు" అన్నాడు. సెలవుల్లోనే బదిలీ చేయించుకుని వాళ్ళ కాలువల దగ్గరికి వెళ్ళిపోయాడు. తర్వాత నేనూ పంతులమ్మనై ఏళ్ళ తరబడి ఎర్ర సిరా వాడాను గానీ 'అబద్ధము' అన్న మాట ఎవరి పుస్తకంలోనూ రాయలేదు. (పడవ ఎక్కామని రాసిన వాళ్ళకు మాత్రం మార్కులు కోసేశాను.)

మొన్న బస్సులో ఏటి వంతెన దాటుతూ కిందికి తొంగి చూశాను. నీళ్ళు లేవు సరే, ఇసుక కూడా లేదు. లారీలు ఎత్తుకుపోగా గుంతలూ కంపచెట్లూ మిగిలాయి. నాలో నేను నవ్వుకున్నానేమో, పక్క సీటు పిల్ల, "ఏమవ్వా, నవ్వుతాండావు?" అంది. "చిన్నప్పుడు రోజూ ఈ ఏట్లోనే పండుకునేవాళ్ళం పాపా, తవ్వుకుని నీళ్ళు తాగేవాళ్ళం" అన్నాను. ఆ పిల్ల కిందికి చూసింది, నన్ను ఎగాదిగా చూసింది. "ఊరుకోవ్వా, ఎన్ని అబద్ధాలు చెప్తావు!" అంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండిపోయింది.