పక్క కుర్చీలో సరంగు బాబాయి

సరంగు బాబాయి పోయారన్న కబురు నాకు చేపల కోల్డ్ స్టోరేజీలో అందింది. కంప్రెసర్ విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాను, చేతులనిండా నూనె. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మలు వరసగా పడుతుంటే, ఎవరో గుడ్ మార్నింగులు పెడుతున్నారులే అని పట్టించుకోలేదు. కాసేపటికి స్టోరేజీ ఓనరే లోపలికొచ్చి, "దీదీ, మన సరంగు గారు లేరంట. తెల్లారుగట్ల, నిద్రలోనే" అన్నాడు. విప్పిన కంప్రెసర్‌ని అలా వదిలేసి వెళితే లోపలున్న చేపంతా పాడవుతుంది. ఏడుస్తూనే బిగించాను. ఆయనుంటే ముందు పని కానిమ్మనేవారు.

ఆయన నాకు చుట్టం కాదు. అండమాన్‌లో, మా డిగ్నాబాద్ పేటలో, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. దీవుల మధ్య తిరిగే ఫెర్రీలకు సరంగుగా చేసి రిటైరయ్యారు. ఫెర్రీని నడిపే మనిషిని ఇక్కడ సరంగనే అంటాం. మా తాతల్లాగే ఆయన తండ్రి కూడా శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

పోర్ట్ బ్లెయిర్‌లో మా సేవా క్లబ్బు మొదలుపెట్టిన కొద్దిమందిలో బాబాయి ఒకరు. రక్తదానాలు, కంటి శిబిరాలు అన్ని క్లబ్బులూ చేస్తాయి. మాకున్న ఆచారం ఒకటి మాత్రం ఇంకెక్కడా నేను చూడలేదు. మా మీటింగులో ఎవరూ తమ గురించి తాము చెప్పుకోకూడదు. పక్క కుర్చీలో ఉన్నవాళ్ళ పని గురించి చెప్పాలి. చెప్పేముందు వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళి, ఒక పూట కూర్చుని, కళ్ళారా చూసి రావాలి. ఈ మెలిక పెట్టింది బాబాయే.

"ఎవడి డప్పు ఆడు కొట్టుకుంటే సప్పుడే ఒస్తాది. పక్కోడి డప్పు కొట్టండి, ఆడికి పనొస్తాది" అనేవారు.

ఆచారం పెట్టిన కొత్తల్లో ఒక వకీలు గారు బద్ధకించి, పక్కనున్న బేకరీ ఆయన దుకాణానికి వెళ్ళకుండానే లేచి నిలబడ్డారట. "వీరి రొట్టెలు దూదిలా మెత్తగా ఉంటాయి" అని మొదలుపెట్టారట. పాపం, ఆ బేకరీలో తయారయ్యేవి రస్కులు మాత్రమే! బాబాయి నవ్వకుండా, "వకీలు గారూ, ఈ భయ్యా సరుకు మెత్తబడిందంటే యాపారం మునిగిపోతాదండి" అన్నారట. మర్నాడు పొద్దున్నే వకీలు గారు కోటు విప్పి పొయ్యి దగ్గర కూర్చున్నారు. ఆ తరువాత మా క్లబ్బులో ఎవరూ చూడనిది చెప్పలేదు.

నా సంగతి చెప్పాలి. ఐటీఐలో ఫ్రిజ్జుల పని నేర్చుకుని చిన్న దుకాణం తెరిచాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, "మిస్త్రీ ఎక్కడ?" అనేవాళ్ళు. నేనే మిస్త్రీనంటే, "అచ్ఛా, మళ్ళీ వస్తాం" అని జారుకునేవాళ్ళు. ఆ 'మళ్ళీ' వచ్చిందే లేదు. ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున బాబాయి వచ్చి, పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చున్నారు.

"ఏటమ్మా సేస్తన్నావు?"

"గ్యాసు ఎక్కడ పోతోందో చూస్తున్నా బాబాయ్."

"సూడు సూడు. నాను కూకుంటాను."

మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఆ వారమే నన్ను క్లబ్బుకు తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. లేచి నిలబడి, ఆడపిల్ల, ధైర్యం, ఆదర్శం లాంటి మాటలు ఒక్కటీ అనలేదు. "ఈ పిల్ల ఫ్రిజ్జు గొట్టానికి సబ్బు నురగ రాసింది. నాను నవ్వినాను. బుడగ లేసిన కాడ గ్యాసు పోతందన్నమాట. బుడగ లేసీదాకా కన్నార్పనేదు, తొందర పడనేదు. ఇలాటోల్ల సేతికి నాను ఓడయినా ఇచ్చేస్తాను" అన్నారు. బస్, అంతే. మీటింగవగానే కోల్డ్ స్టోరేజీ ఓనరు నా దగ్గరికొచ్చి, "దీదీ, కల్ సుబహ్, పొద్దున్నే రాగలవా?" అన్నాడు. ఈ రోజు నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ మాటల చలవే. ఎక్కడైనా చెబుతాను.

అప్పటినుంచి ఆయన పక్క కుర్చీ నాదే. ఆయన టీ గ్లాసు కింద పెడితే చప్పుడయ్యేది కాదు. మా హాల్లోవి ఇనప బల్లలు. మేం పెడితే టంగుమంటాయి. ఆయన గ్లాసు బల్లకు చేరిన సంగతి చూస్తే తప్ప తెలిసేది కాదు. పెద్దతనపు నెమ్మది కాబోలు అనుకునేదాన్ని. మీ పని నేను ఎప్పుడు చెప్పాలి బాబాయ్ అని అడిగితే, "రిటైరైనోడికి పనేటమ్మా, తిని తొంగోడమే" అని తప్పించుకునేవారు.

ఈ మధ్య క్లబ్బుకు కొత్త అధ్యక్షుడొచ్చాడు. ట్రావెల్స్ నడుపుతాడు, చురుకైనవాడు, మంచివాడే. కానీ కాలు ఒకచోట నిలవదు. "దీదీ, పూటపూటంతా పక్కోళ్ళ దుకాణంలో కూర్చోడానికి టైమ్ ఎవరికుంది, బోలో? అందరం వాట్సాప్ గ్రూపులో విజిటింగ్ కార్డు పెట్టేద్దాం. కామ్ ఖతం" అన్నాడు. వచ్చే మీటింగులో తేల్చేద్దామన్నారు. ఆ మీటింగే బాబాయి సంతాప సభ అయింది.

సభకు రెండు రోజుల ముందు వాళ్ళింటికి వెళితే, బాబాయి భార్య, పిన్ని, నా చెయ్యి పట్టుకుని, "ఆయన పక్క కుర్సీ నీదే కదమ్మా. ఆయన పని నువ్వే సెప్పాల" అంది. ఆయన ఓడ నడపగా నేనెప్పుడు చూశాను? చూడకుండా చెబితే ఆయన ఆచారాన్ని నేనే గంగలో కలిపినట్టు. కార్డుల వాళ్ళకు ఇంకేం కావాలి!

మర్నాడు పొద్దున్నే ఫెర్రీలు ఆగే జెట్టీకి వెళ్ళాను. బాబాయి చివర్లో నడిపిన ఫెర్రీని ఇప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న సరంగే నడుపుతున్నాడు. సంగతి చెబితే పైకి రమ్మని తన పక్కన నిలబడనిచ్చాడు. అవతలి జెట్టీ ఇంకా చాలా దూరముండగానే ఇంజను తగ్గించేశాడు. ఇంత ముందుగానా అన్నాను.

"ఉస్తాద్ అలాగే నేర్పారు దీదీ. 'జెట్టీని కొట్టకురా, ముట్టుకో' అనీవారు. 'కింద నిద్దరోతున్న పసిబిడ్డ లేసిందంటే నువ్వు సరంగువి కాదు' అనీవారు."

కిందికి చూశాను. బుట్ట పక్కన పెట్టుకున్న చేపలామె ఎవరితోనో పోట్లాడుతూనే ఉంది. ఒకతను స్కూటర్‌కి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ఓడ జెట్టీకి కట్టిన టైర్లను ఎప్పుడు తాకిందో వాళ్ళకే కాదు, నిలబడి చూస్తున్న నాకే తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ టీ గ్లాసు. అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సభలో ఇదే చెప్పాను. చూసింది చూసినట్టు, గ్లాసు సంగతితో సహా. చెప్పి కూర్చున్నాను. కార్డుల ఊసు ఎవరూ ఎత్తలేదు. అధ్యక్షుడు లేచి వచ్చి, ఖాళీగా ఉన్న బాబాయి కుర్చీ దగ్గర ఆగాడు.

"దీదీ, ఇక్కడ కూర్చోనా?"

తలూపాను.

"రేపు మీ పనెక్కడ? వచ్చి చూడాలి కదా."

అంతలో టీ వచ్చింది. అతను ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. టంగుమంది. అందరం అటు తిరిగాం. అతను మా ముఖాలు చూశాడు, గ్లాసు వంక చూశాడు. మళ్ళీ పైకెత్తి, ఊపిరి బిగపట్టి, మెల్లగా, చాలా మెల్లగా కిందికి దించాడు.