నిర్మల ఏడో కోట

ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా బెన్నీ పాత వీడియో గేము ముందేసుకున్నాడు. హన్మకొండలో అమ్మవాళ్ల ఇల్లు సర్దుతుంటే అటక మీద దొరికిందట. క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊదడం, పెట్టడం, టీవీలో బూడిదరంగు గీతలు చూసి మళ్లీ తీయడం. చెల్లెలు నిర్మల పక్కనే నిలబడి చూస్తోంది.

“ఊదకు అన్నా. నోటి తడికి పిన్నులు చిలుం పడ్తయ్.”

“ఇంజనీర్‌ను నేనా, నువ్వా?”

“నువ్వే. మరి నడుస్తలేదేంది?”

నిర్మలకు నలభై ఆరేళ్లు. జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా అటెండరు. అన్న షుగరు సూదుల డబ్బాలోంచి స్పిరిట్, దూది తీసింది. క్యాసెట్ పిన్నులు తుడిచింది. దూదికి పచ్చటి చిలుము అంటింది. ఆరనిచ్చి పెట్టగానే టీవీలోంచి పాట మొదలైంది.

“రిమోటు ఇటియ్యి,” బెన్నీ చెయ్యి చాచాడు.

“ఇయ్య. ఇయ్యాల నా వంతు.”

కాజీపేట రైల్వే క్వార్టర్లో ఉన్న రోజుల్లో ఈ ఆట బెన్నీది. లాంతరు పట్టుకున్న పొట్టివాణ్ని ఇటుకల మీద దూకించి, గుంటలు దాటించి ఒక్కో కోటా గెలవాలి. వైరు కదలకుండా పట్టుకోవడం నిర్మల పని. “నా మూడు లైఫులు అయినంక నీదే” అనేవాడు. అవి అయ్యే వేళకు లోపలి నుంచి అమ్మ కేకేసేది, అన్నం వంచాలనో నీళ్లు పట్టాలనో. డిగ్రీ సీటప్పుడు కూడా ముందు అన్న చదువు కానిమ్మన్నారు. ఆ వంతూ రాలేదు. చూసి చూసి ఆట దారి మాత్రం కంఠతా వచ్చింది. ఏడో కోటలో కదిలే పలక దగ్గర అన్న ప్రతిసారీ తొందరపడి పడేవాడు. “ఆగి దుంకు” అంటే “నీకేమెరుక” అనేవాడు. ఎనిమిదో కోట ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

దారి తెలిసినా వేళ్లు మాట వినలేదు. మూడో కోటకే రెండు లైఫులు పోయాయి.

“చూసుడు అల్కనే. ఆడుడే కష్టం,” బెన్నీ నవ్వాడు.

నిర్మల పళ్లు బిగించింది. మిగిలిన ఒక్క లైఫుతో ఏడో కోట చేరింది. పలక కనిపించింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వదిన ప్రసన్న పిలిచింది.

“నిర్మలా, జర ఉల్లిగడ్డలు కోసిపో! పెరుగుల ఎయ్యాలె.”

“పో, నేను దాటిస్త,” అంటూ బెన్నీ రిమోటు పట్టుకున్నాడు.

నిర్మల వదల్లేదు. “నువ్వే పో. నీ చేతులు ఖాళీగనే ఉన్నయ్ గద.”

“నేనా? ఉల్లిగడ్డలా?”

“నీ వంతు నడుస్తుంటె నేను ముప్పై ఏండ్లు కోసిన. ఒక్క పూట కొయ్యలేవా?”

“పంపు పంపు,” లోపల ప్రసన్న పగలబడి నవ్వింది. “కత్తి ఈడనే ఉంది!”

బెన్నీ గొణుక్కుంటూ లేచాడు. పలక వచ్చింది, పోయింది. నిర్మల కదల్లేదు. మళ్లీ వచ్చింది. దూకింది. పొట్టివాడు అవతలి గట్టున నిలబడ్డాడు.

ఎనిమిదో కోటంతా చీకటి. లాంతరు చుట్టూ ఇంత వెలుగు, అంతే. ఇక్కడ ఆమెకు ఏ గుంటా తెలియదు. నాలుగడుగులు వేసి పడిపోయింది.

ఆట ముగిసిన పాట విని బెన్నీ కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. “పడ్డవా? ఇగ నాకియ్యి!”

“పడ్డ. అయితేంది?” నిర్మల అతనివైపు చూడనైనా చూడలేదు. “నా వంతు ఇంక అయిపోలే.”

మళ్లీ మొదటి కోట నుంచి మొదలుపెట్టింది.