వనస్పతి డబ్బాలో పట్టు కండెలు

మా మామకు ఖాళీ డబ్బా కనిపిస్తే చాలు, ప్రాణం లేచి వచ్చేది. ధర్మవరంలో ఎవరింట్లో పెళ్లి జరిగినా మర్నాడు ఆ పెంటకుప్ప దగ్గర ఆయనే. వంటవాళ్లు పారేసిన నూనె డబ్బాలు, మూత ఊడిన పౌడరు డబ్బాలు, ఎవరో చచ్చేముందు తాగిన మందు సీసాలు, అన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. అంచు కత్తిరించి, సుత్తితో మడిచి, మగ్గం పక్క గోడకు మేకు కొట్టి తగిలించేవాడు. ఒకదాంట్లో పోగును అటూ ఇటూ తోసే నాడెలు, ఒకదాంట్లో కత్తెర, ఇంకోదాంట్లో సూదులు. చూసినవాళ్లు "పెద్దాయన ఏదీ పారేయడు" అని మెచ్చుకునేవాళ్లు. వాళ్లదేం పోయింది, ఆ కంపు పీల్చేది ఇంటి కోడల్ని నేను కదా.

కడుగుదామంటే నీళ్లు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ కరువు ఏండ్లలో బోరింగు దగ్గర బిందె కోసం జుట్లు పట్టుకునేవాళ్లం, నిజమే. "బూడిదేసి రుద్ది ఎండలో పెడితే వాసన యాడుంటుందమ్మా" అనేవాడు. బూడిదా జిడ్డూ కలిసి అడుగున నల్లటి మడ్డి కట్టేది. దాన్ని నాకేందుకు బొద్దింకలు. ఒకసారి కత్తెర కోసం చెయ్యి పెడితే ఎండిన బల్లి తగిలింది. ఛీ, ఆ పూట ఆ చేత్తో అన్నం తినలేకపోయాను.

ఒక ఎండాకాలం మాకు నేత పని ఇచ్చే సావుకారు లేత పసుపు పెళ్లిచీరకు పట్టు ఇచ్చాడు. అంతకుముందు చీరకు అంచు వంకరపోయిందని ఆయన కోపం మీద ఉన్నాడు. ఇదీ చెడితే ఇంక పట్టు ఇచ్చేది లేదు, మగ్గం ఎత్తిపెట్టుకోండి అని ముఖం మీదే చెప్పాడు. నేను ఆ పట్టును నాడెలో పెట్టే కండెలకు చుట్టి ఉతికిన గుడ్డలో పెట్టుకున్నాను. దుమ్ము పడుతుందని మామ వాటిని తీసి కొత్తగా తెచ్చిన వనస్పతి డబ్బాలో సర్దాడు.

"దాంట్లో వద్దు మామా, జిడ్డుండాది."

"పొద్దున్నుంచీ రుద్దినాను. లోకంలో నీకొక్కదానికే ముక్కుండాదా?"

మా ఆయన వైపు చూశాను. నాయన మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. తల వంచుకుని నేస్తూనే ఉన్నాడు.

డబ్బా అడుగున రేకు మడతలో ఇరుక్కున్న కొవ్వు బూడిదకు రాదు. మధ్యాహ్నపు వేడికి అది కరిగి అడుగు కండెలకు ఎక్కింది. మసక గదిలో నేసేటప్పుడు ఎవరికీ కనపడలేదు. సావుకారు వాకిట్లో ఎండకు చీర విప్పి పట్టుకుంటే నడుమ అంతా అడ్డంగా జిడ్డు చారలు. దగ్గరికి తీసుకుని వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఏమప్పా, ఇది చీరా, పూరీలు చుట్టిన గుడ్డా?"

మామ వెంటనే నన్ను చూపించాడు. "కండెలు చుట్టింది కోడలన్నా. నెయ్యి చేతుల్తో పట్టుకోనుంటాది."

నెయ్యి! సంగటిలోకి పచ్చిమిరపకాయ నూరుకుని తినే ఇంట్లో నెయ్యి! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మనింట్లో నెయ్యి యాడుండాది మామా?" అని అందరి ముందే అడిగాను. సావుకారు చీర మామ చేతుల్లో పడేసి, ఇంక పట్టు ఇచ్చేది లేదన్నాడు.

మగ్గం ఆగిపోయింది. మా ఆయన తాడిపత్రికి పోయి బండలు కోసే చోట కూలికి చేరాడు. మామ మాత్రం డబ్బాలు ఏరడం మానలేదు. ఆయన ముందు సంగటి ముద్ద పెట్టాలన్నా నాకు రోతగా ఉండేది.

చలికాలానికి సావుకారు మెత్తబడి మళ్లీ పట్టు ఇచ్చాడు. కబురు అందగానే మా ఆయన పరుగున వచ్చాడు. స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టి, దాని కింది గుంటలోకి కాళ్లు వేసి కూర్చున్నాడు. బండల దగ్గర బురదనీళ్లలో నాని నాని వేళ్లన్నీ పగిలి ఉన్నాయి. పట్టు పోగు ఆ పగుళ్లకు తగులుకుని తెగింది. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ తెగింది.

"చేతికి రవ్వంత నూనె పూసుకోరాదా" అన్నాడు మామ, గోడకు ఆనుకుని.

మా ఆయన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని నాకు చోటిచ్చాడు.

"నువ్వు కూసో. ఇవి ఇంగ పనికిరావు."