ఒక్క బిళ్ల తక్కువైన చదరం

బిళ్లలక్క ఏ గోడకైనా బిళ్లలు అంటించే ముందు వాటిని నేల మీద పరిచి చూసుకుంటుంది. సిమెంటు కలిపాక బుర్ర పనిచెయ్యదని ఆవిడ నమ్మకం. ఇంకో పట్టుదల కూడా ఉంది: బిళ్ల కొయ్యదు, సందు వదలదు. "కోస్తే అది బిళ్ల కాదు, పెంకు" అంటుంది.

ఆ పేటకి అన్నం పెట్టిన బిళ్లల బట్టీ మూతపడే ముందు ఆఖరి వాయి కాల్చారు. మనిషికొక రెండంగుళాల పచ్చి బిళ్ల ఇచ్చి, దాని మీద బొటనవేలు నొక్కమన్నారు. కాల్చినవన్నీ షెడ్డు గోడకి అంటించే పని అక్కది. చల్లారాక లెక్కపెడితే పదివేల నాలుగు వందల మూడు.

ఆవిడ మరిది తాపీమేస్త్రి. సమానమైన వరసలు కుదురుతాయేమోనని ఇరవయ్యో ఎక్కం దాకా అన్నిటితోనూ భాగించి చూసి చేతులెత్తేశాడు.

"ఇది దేనికీ లొంగదు వదినా. ప్రధాన సంఖ్య. ఒకటే వరస వేసుకుంటూ పక్క ఊరిదాకా పో."

"ఎక్కాలు మీకు ఇరవైతో ఆగాయి గానీ అంకెలు ఆగవుగా మరిదిగారూ!"

షెడ్డు నేల మీద, వేళ్లు నొక్కిన క్రమంలోనే నిలువు వరసలుగా పరిచింది. నూట రెండుకి నూట రెండు, చక్కటి చదరం. తీరా చూస్తే చివరి మూలలో ఒక్క బిళ్ల తక్కువ! బట్టీ ఆరిపోయింది, ఇంకోటి కాల్చే దారి లేదు.

ఆ గోడ పని పెట్టించిన కమిటీ పెద్ద వచ్చి పెదవి విరిచాడు. "ఆ చివరి నిలువు వరస తీసేద్దామమ్మా. పెట్టెలో భద్రంగా దాస్తాం."

ఆ వరసలో ఉన్న నూట ఒక్కటీ ఆలస్యంగా వచ్చినవాళ్లవి. నడవలేనివాళ్లు, వాళ్లని పట్టుకొచ్చినవాళ్లు. బట్టీలో జీవితమంతా మట్టి తొక్కిన ఆవిడ మామగారి వేలు కూడా అందులోనే ఉంది.

కుర్చీలో ఉన్న మామగారు గుర్రుమన్నాడు. "అప్పుడే నన్ను పెట్టెలో పెట్టేస్తారటే?"

"పెట్టనివ్వను మామయ్యా!" అంటూ అక్క విసురుగా వంగింది. పెట్టె తెచ్చేలోపే ఆ వరసని ఏరేసి, ఎవరి కాళ్లకిందా పడకుండా, చదరం కింది అంచున అడ్డంగా పేర్చుకుంటూ పోయింది. ఆఖరి బిళ్ల పెట్టి తలెత్తింది.

అంచుకి అంచు సరిపోయింది. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు.

"మరిదిగారూ! ఇలా రండి!"

అడ్డంగా నూట ఒకటి, నిలువుగా నూట మూడు. అతను గుణించాడు. నమ్మకం కుదరక మళ్లీ గుణించాడు. "సరిగ్గా అంతే వదినా! అమ్మ బాబోయ్, ఇరవయ్యో ఎక్కం దగ్గర ఆగి మోసపోయాను!"

కమిటీ పెద్ద కళ్లప్పగించి చూస్తుంటే అక్క ఎనిమిది బిళ్లలు విడిగా తీసింది. మూడుకి మూడు చదరం, ఒక మూల ఖాళీ. పక్కనున్న రెండూ తీసి కింద పెట్టింది. రెండు వెడల్పు, నాలుగు పొడవు.

"చదరానికి ఒక్కటి తక్కువైతే పక్క వరస తీసి కింద పరవడమే అన్నయ్యగారూ. ఎంత పెద్దదైనా ఇంతే."

ఇదంతా తర్వాత ఆవిడ నోటే విన్నాక నేను కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నూట ఒకటి ప్రధాన సంఖ్యే, నూట మూడు కూడా అంతే. అంటే ఒంటి వరస కాకుండా ఆ బిళ్లలు కుదిరే తీరు ఇదొక్కటే. ఆ ఒక్కటీ అక్క కోపానికి దొరికింది. ఈ మాటే ఆవిడతో అంటే, "ఒక్కటి చాలదూ!" అని నవ్వేసింది.

గోడకి ఎత్తు సరిపోను ఉంది. కింది వరస నేలకి మూరెడు పైన వచ్చింది. ప్రారంభం రోజు రిబ్బను ఎవరు కత్తిరించారో ఎవరికీ గుర్తులేదు. మామగారు మాత్రం కుర్చీని గోడ దగ్గరికి జరిపించుకుని, వంగి, తన బిళ్లలోని గుంటలో బొటనవేలు ఆనించాడు.

"చివర్లో పడేశారనుకున్నానే కోడలా. చేతికందేలా పెట్టావు!"