పేలింది

మా ఆఫీసులో "పేలింది" అంటే చెడిపోయిందని అర్థం. మాదాపూర్‌లో ఏ అంతస్తులో విన్నా అంతే: సర్వర్ పేలింది, రిలీజ్ పేలింది. నా చదువులో మాత్రం పేలితేనే పండగ. ఉద్యోగం చేసుకుంటూనే ఏడేళ్లుగా పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. పెద్ద నక్షత్రం చచ్చిపోయేటప్పుడు ఏం జరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం నా పని. నక్షత్రం నడిమధ్య కూలిపోతుంది. ఆ బరువుకి అక్కడ కాలం కూడా మెల్లగా నడుస్తుంది. లోపలి నుంచి న్యూట్రినోలనే కణాలు దేన్నీ పట్టించుకోకుండా బయటికి పోతాయి. పోతూపోతూ పై పొరలకి కాస్త వేడి ఇస్తే నక్షత్రం పేలుతుంది. ఇవ్వకపోతే తనలోకి తానే కుంగిపోతుంది.

నా నక్షత్రం ఎప్పుడూ కుంగేది. "యూనివర్సిటీ వాళ్లు ఇంకో పొడిగింపు ఇవ్వరమ్మా, ఈసారి ఫలితం చూపించాల్సిందే" అని మా గైడు గారు చెప్పేశారు.

ఆ ఏప్రిల్‌లో ఒకరోజు భోజనాల వేళ పేలింది. పక్క సీటు నల్లగొండ అతను నా తెర చూసి, "ఏందక్కా, గిట్ల ఉబ్బింది?" అన్నాడు.

"పేలింది!"

"అయ్యో, పరేషాన్ కాకు. రీస్టార్ట్ చెయ్, ఇగ."

పడీపడీ నవ్వాను. వెంటనే ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. తర్వాత గైడు గారికి పంపేముందు, మొత్తం శక్తి ఎంతుందో కూడి చూశాను. మొదట ఉన్నదానికంటే ఎక్కువుంది. శక్తి ఊరికే పుట్టదు, అంటే ఎక్కడో లెక్క తప్పింది.

కారణం నేనే. రెండేళ్ల కిందట ప్రోగ్రాములో ఒక వరుస రాశాను: న్యూట్రినోల శక్తి ఎక్కడైనా సున్నాకి దిగువకి పోతే సున్నా చేసెయ్యి, హెచ్చరిక చూపించకు. ఆఫీసులో ప్రోగ్రాము తన తప్పులు రాసుకునే లాగ్ శుభ్రంగా ఉంటే మేనేజరు మెచ్చుకుంటాడు. ఆ అలవాటు వేలికొసల్లోకి వచ్చేసింది. సున్నా చేసిన ప్రతిసారీ ఎక్కడా లేని వేడి కొంచెం పుట్టింది. నక్షత్రాన్ని పేల్చింది అదే.

ఆ వరుస సరిచేసి, చిన్న నమూనా మళ్లీ నడిపించాను. నాలుగు గంటలకల్లా కుంగిపోయింది. ఉన్నదున్నట్టు గైడు గారికి రాశాను. "సరేనమ్మా. రేపు మాట్లాడదాం" అని జవాబొచ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. అయిదింటి మీటింగులో ఎప్పటిలాగే మాట్లాడాను. బాగా చెప్పానన్నారు కూడా.

నల్లగండ్లలో మా ఇంటి తలుపు తియ్యగానే యాలకుల వాసన. అమ్మ సేమ్యా పాయసం కాచింది. ఏడేళ్లుగా రోజూ "పేలిందా?" అని అడిగిన మనిషి.

"నిజంగానే పేలిందిటే తల్లీ?"

"పేలిందమ్మా" అన్నాను, మా ఆఫీసు భాషలో.

ఆవిడ కళ్లొత్తుకుని గిన్నె నిండా పోసింది. తిన్నాను. మళ్లీ పోసింది. అదీ తిన్నాను.

"పంచదార సరిపోయిందా?" అని అడిగింది.

తలూపాను. వేసిందో మరిచిపోయిందో కూడా నాకు తెలియలేదు.