సూరయ్య వస్తాదు ఇచ్చిన చేయి

ఇవాళ పొద్దున మా కోడలు మాగవేసిన చిన్నరసాల మామిడికాయల మీది గడ్డి తీసింది. ఆ వాసన గదంతా పరచుకోగానే, దాని వెనకే నూనె పీల్చుకున్న ఎర్రమట్టి వాసన కూడా వచ్చినట్టనిపించింది. నూజివీడు దగ్గర మా ఊరి తోటలో ఒక పెద్ద పాక ఉండేది. ఒక పక్క కాయలు మాగవేసేవారు, రెండో పక్క మట్టి తవ్వి సూరయ్య వస్తాదుగారు కుస్తీ గోదా వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవిలో, పందొమ్మిదేళ్ళ వయసులో, నేను కుస్తీ అంటే ఏమిటో తెలుసుకున్నది అక్కడే.

ఆయన కూలికి కాయలు కోసే మనిషి. మాటలు తక్కువ. పట్టు పట్టే ముందు మమ్మల్ని ఎదుటివాడి ముందు ఊరికే నిలబెట్టేవారు. "కండలు చూడకు. నీ ఊపిరి ఎక్కడుందో చూసుకో" అనేవారు. నాకది చాదస్తంగా తోచేది. ఒంట్లో బలం ఉంది, ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి.

మైలవరం పోటీకి నన్ను తయారు చేస్తున్నారు. ఒక ఉదయం, చేయి మెలితిప్పి మనిషిని వెల్లకిలా తిప్పే పట్టు సాధన చేస్తున్నాం. ఆయన కుడిచేయి నా చేతుల్లో ఉండగా ఆయన కాలు మట్టిలో జారింది. మోచేతి దగ్గర ఎముక విరగడం నా అరచేతులకు తెలిసింది. ఆయన అరవలేదు. "వదులు" అన్నారు మెల్లగా. నేను వదల్లేకపోయాను. వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆయన భార్య మంగమ్మగారు పరుగెత్తుకొచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు.

కట్టు విప్పాక కూడా చేయి వంకరగానే ఉండిపోయింది. కాయలు కోసే చిక్కం కట్టిన గెడ ఎత్తడం ఇక ఆయన వల్ల కాలేదు. ఆ కాపంతా ఆయన బదులు నేనే కాయలు కోశాను. "నీ తప్పేం లేదు నాయనా, ఆయనకే కాలు జారింది" అని మంగమ్మగారు ఎన్నిసార్లు చెప్పినా నాకు ముద్ద దిగేది కాదు. గోదాలోకి దిగితే మరీ అన్యాయం. ఎవరి చేయి పట్టుకున్నా నా వేళ్ళు వాటంతటవే విడిపోయేవి. నాకంటే అర్భకులు కూడా నన్ను పడేసేవారు.

ఒకరోజు ఆయన గోచీ బిగించి గోదాలోకి దిగారు. ఎడమచేయి చాచారు.

"అదే పట్టు పట్టు."

"నావల్ల కాదండీ."

"ఇదీ విరుగుతుందనేగా?"

పాక గుంజ దగ్గర నిలబడ్డ మంగమ్మగారు, "ఏమండీ, ఆ ఒక్క చెయ్యన్నా మిగల్నివ్వండి" అన్నారు.

ఆయన అటు చూడలేదు. "భయం పోయాక పట్టు పడదామంటే ఈ జన్మకి కుదరదు రా వెంకన్నా. భయపడుతూనే పట్టు. నా చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూసుకో. అక్కడ నువ్వూ ఆగు."

పట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మెల్లగా తిప్పుతూ ఉండగా, ఎముక ఇక రాలేనన్న చోటు నాకు తెలిసింది. ఆగాను. వదిలాను. ఆయన నుదుటి నిండా చెమట. ఆయనకూ భయం వేసిందని అప్పుడు అర్థమైంది. అయినా ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆ చెయ్యి నాకు ఇస్తూనే వచ్చారు.

మైలవరంలో ఎదుటివాడు నాకంటే బరువైనవాడు. చాలాసేపు పెనుగులాడాక ఆ పట్టు దొరికింది. తిప్పాను. అతని చేయి ఆగిపోయింది, అతను మాత్రం మొండిగా లొంగలేదు. ఇంకొంచెం నొక్కితే నాదే గెలుపు, కానీ ఆ చేయి దక్కదు. వదిలేశాను. మరుక్షణం నేనే వెల్లకిలా పడ్డాను. జనం ఈలలు వేశారు. మా ఊరివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

తిరుగుదారిలో, బండి మైలవరం దాటాక, ఆయన నా వైపు తిరిగారు. ఇలా అడిగారు.

"భయపడి వదిలావా, తెలిసి వదిలావా?"

"తెలిసేనండీ."

"వేళ్ళు నువ్వు విప్పావా, అవే విడిపోయాయా?"

"నేనే విప్పానండీ."

వంకర చేయి నా భుజం మీద వేశారు. "అయితే నువ్వు తయారయ్యావు" అన్నారు.

ఆ తర్వాత కొన్ని గెలిచాను, కొన్ని ఓడాను. అవి ఎవరికీ గుర్తులేవు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ప్రశ్న మాత్రం నాతోనే ఉంది. దానికి ప్రతిసారీ మంచి జవాబు చెప్పుకోలేకపోయాను కూడా. నా భార్య చివరి రోజుల్లో, "ఇక సూదులు వద్దు, ఇంటికి తీసుకుపోండి" అని అడిగింది. ఆ రాత్రంతా ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, భయపడి వదులుతున్నానా, తెలిసి వదులుతున్నానా అని ఆ ప్రశ్నే నాకు నేను వేసుకున్నాను. తెల్లవారాక ఆమెను ఇంటికి తీసుకొచ్చాను.